ఇళ్లు కూల్చే లెక్క: బాంబు సిద్ధాంతకర్తల పాపమెంత?

యాంకర్: నమస్కారం. బాంబు వేసిన పైలట్ సంగతి అలా ఉంచుదాం. బల్ల ముందు కూర్చుని 'ఊళ్ల మీద వేయండి' అని రాసినవాళ్ల మాటేమిటి? సార్, డూహేతో మొదలుపెడతారా?

చరిత్రకారుడు: ఇటలీ జనరల్ జూలియో డూహే. 1921లో పుస్తకం రాశాడు, అందులో దాపరికమేమీ లేదు. మూడు రకాలు కలిపి వేయాలన్నాడు. పేలుడు బాంబు గోడలు పగలగొడుతుంది, నిప్పు బాంబు అంటిస్తుంది, విషవాయువు ఆర్పడానికి ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఆ మూడోది గమనించండి. అది మంటలార్పే వాళ్ల కోసం!

న్యాయ నిపుణురాలు: దాన్నే ఆయన దయ అన్నాడండీ. మొదటి ప్రపంచ యుద్ధంలోలా కందకాల్లో నాలుగేళ్లు లక్షల మంది చచ్చేకంటే, ఊళ్లను కొడితే జనమే తట్టుకోలేక యుద్ధం ఆపిస్తారు, మొత్తమ్మీద తక్కువ మంది పోతారని. వాదనంతా ఆ 'ఆపిస్తారు' మీదే నిలబడింది. అది తప్పయితే ఇక మిగిలేది హత్యే.

యాంకర్: తప్పని అప్పటికి తెలుసా?

చరిత్రకారుడు: తెలుసుకునే వీలుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ బాంబులు పడ్డ బ్రిటన్ ఊళ్లు హల్, బర్మింగ్‌హామ్‌లను శాస్త్రవేత్తలు జుకర్‌మన్, బెర్నాల్ బృందం సర్వే చేసింది. జనం మనోధైర్యం కుప్పకూలిన దాఖలా దొరకలేదు. బ్రిటన్ ప్రధాని చర్చిల్ సలహాదారు చెర్వెల్ ఆ సర్వేనే చేతపట్టుకుని 1942 మార్చి 30న నోట్ రాశాడు. ఒక్కో బాంబర్ జీవితకాలంలో 40 టన్నులు వేస్తుంది, టన్నుకు 100 నుంచి 200 మంది నిరాశ్రయులవుతారు, అంటే బాంబర్‌కు 4,000 నుంచి 8,000 మంది. 58 పెద్ద జర్మన్ నగరాలను కొడితే దేశంలో మూడో వంతు జనానికి గూడుండదు. అయినవాళ్లు చావడం కన్నా ఇల్లు పోవడమే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని కూడా రాశాడు.

యాంకర్: సరిగ్గా వారానికి, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖ, కాకినాడ మీద బాంబులేశాయి.

చరిత్రకారుడు: అవును, విశాఖ జనం ఊరొదిలి పోయారు. పారిపోవడం వేరు, ప్రభుత్వాన్ని లొంగదీయడం వేరు. సిద్ధాంతం బోల్తా పడేది అక్కడే.

మాజీ వైమానిక అధికారి: లెక్కలోనూ పెద్ద చిల్లుంది. చెర్వెల్ నష్టాన్ని ఐదు రెట్లు ఎక్కువగా అంచనా కట్టాడన్నాడు బ్రిటన్ శాస్త్రవేత్త టిజార్డ్, ఆరు రెట్లన్నాడు మరో శాస్త్రవేత్త బ్లాకెట్. అంతకుముందు, 1941 ఆగస్టులోనే బ్రిటన్ బాంబర్ల గురి ఎంతో పరిశీలించిన బట్ నివేదిక వచ్చింది. లక్ష్యాన్ని కొట్టామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటే దానికి ఐదు మైళ్లలోపు వెళ్లగలిగిందట. రాత్రిపూట ఫ్యాక్టరీ దొరకలేదు, నగరం దొరికింది. చేతగానితనం ముందు, సిద్ధాంతం తర్వాత.

న్యాయ నిపుణురాలు: ఒక్క మాట సార్. టిజార్డ్‌ను మహానుభావుణ్ణి చేయకండి. ఆయన అభ్యంతరం అంకె మీదే, విధానం మీద కాదు.

మాజీ వైమానిక అధికారి: ఒప్పుకుంటా. జర్మనీలోని హ్యాంబర్గ్ మీద బ్రిటన్ దాడి, 1943 జులై 27 రాత్రి చూడండి. నాలుగు వేల పౌన్ల బాంబు పైకప్పులు, కిటికీలు లేపేస్తుంది. ఆ సందుల్లోంచి నాలుగేసి పౌన్ల నిప్పు కడ్డీలు అటకల మీద పడతాయి. మంటలు కలిసిపోయి గాలిని లాక్కుంటాయి. నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లు చాలామంది కాలి కాదు, కార్బన్ మోనాక్సైడ్‌తో పోయారు. 'నిరాశ్రయులు' అన్న మాటలో ఇదంతా కనబడదు.

యాంకర్: ఆ రోజుల్లో అందరూ అలాగే ఆలోచించారంటారు కదా మేడమ్?

న్యాయ నిపుణురాలు: అందరూ కాదండీ. 1944 ఫిబ్రవరి 9న బిషప్ జార్జ్ బెల్ బ్రిటన్ లార్డ్స్ సభలో నిలబడి, నగరాల మీద ఈ బాంబులేమిటని నిలదీశాడు. అంతెందుకు, 1928లో బ్రిటన్ వైమానిక దళాధిపతి ట్రెంచార్డ్ కూడా గీత గీశాడు: ఆయుధ కార్మికులను బెదరగొట్టి పనిలోకి రాకుండా చేయడం సమ్మతమే, జనాన్ని భయపెట్టడానికే నగరాన్ని కొట్టడం అక్రమం. గీత బాగానే ఉంది. కార్మికుడి పిల్లలు దానికి ఏ వైపు పడుకుంటారో మాత్రం చెప్పలేదు.

యాంకర్: చట్టం ఏమంటుంది?

న్యాయ నిపుణురాలు: వైమానిక యుద్ధ నియమాల 1923 హేగ్ ముసాయిదా, జనాన్ని భయపెట్టడానికి బాంబులేయడాన్ని నిషేధించింది, కానీ దాన్ని ఎవరూ ఆమోదించలేదు. యుద్ధ నియమాలపై 1977లో కుదిరిన మొదటి జెనీవా అదనపు ప్రోటోకాల్‌లో 51వ అధికరణ సూటిగా ఉంది. నగరంలో విడివిడిగా ఉన్న సైనిక లక్ష్యాలను కలిపి ఒకే లక్ష్యంగా కొట్టకూడదు.

మాజీ వైమానిక అధికారి: అమెరికా దానిమీద సంతకం పెట్టింది, ఆమోదించలేదు. మన దేశం అసలు చేరనే లేదు.