పళ్ళతోటలో సముద్రదొంగల వెండి: రోడ్ ఐలండ్ నుంచి

నమస్కారం అండీ! పిన్నీ, బాబాయ్, మీరు ఫోన్ చేసినప్పుడల్లా అడిగే అమెరికా లంకెబిందెల వీడియో ఇదే. ఇది రోడ్ ఐలండ్‌లో మిడిల్‌టౌన్. డబ్బు కట్టి ఎవరి పళ్ళు వాళ్ళే కోసుకునే తోటలు ఇక్కడ ఉంటాయి. 2014లో అలాంటి తోటలోనే జిమ్ బెయిలీ అనే ఆయనకు మెటల్ డిటెక్టర్‌తో చిన్న వెండి నాణెం దొరికింది. దాని మీద అరబిక్ అక్షరాలు! 1693లో యెమెన్‌లో ముద్రించింది.

1695 సెప్టెంబరులో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లిష్ సముద్రదొంగ ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని కొల్లగొట్టాడు. మక్కా యాత్రికులతో సూరత్‌కి తిరిగొస్తున్న ఓడ అది. అందులోవాళ్ళని దారుణంగా హింసించారు. ఈ హెన్రీ ఎవరీ చివరిదాకా పట్టుబడలేదు. దొంగలు ఈ తీరానికి చేరి ఆ సొమ్ము ఇక్కడ మార్చుకున్నారని బెయిలీ వాదన. మసాచుసెట్స్, కనెక్టికట్‌లలో కూడా ఇలాంటి నాణేలు బయటపడ్డాయి. మన దేశానికి రావాల్సిన ఓడలోని వెండి ఈ చెట్ల కింద ఉందంటే నాకు ఒళ్ళు జలదరిస్తుందండీ.

ఇక వెతకడం. మొదటిసారి కొనేవాళ్ళకి 300 డాలర్ల డిటెక్టర్ చాలు, మన లెక్కలో పాతిక వేల పైమాటే. గుంటలో నాణేన్ని చూపించే పిన్‌పాయింటర్‌కి ఇంకో పది వేలు పెట్టండి. అది లేకపోతే పార దెబ్బ నాణేనికే తగులుతుంది. కాయిల్, అంటే డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి పళ్ళెం, నేలకి అంగుళం పైన, ప్రతి ఊపూ ముందు ఊపు మీద సగం పడేలా నెమ్మదిగా తిప్పాలి. జేబులో ఫోన్ ఉంటే డిటెక్టర్ ఊరికే కూస్తుంది, ఫోన్ తీసి దూరంగా పెట్టండి.

అసలు చిక్కు ఇక్కడే. కింద ఉన్న లోహాన్ని బట్టి డిటెక్టర్ తెర మీద ఒక నంబరు చూపిస్తుంది. కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు విసిగిస్తున్నాయని చాలామంది ఆ నంబర్లు కూయకుండా సెట్ చేసేస్తారు. ఇలాంటి పల్చటి పాత వెండి కూడా తరచు ఆ నంబర్ల దగ్గరే పలుకుతుంది! అంటే వెతికేదాన్నే వదిలేసినట్టు. విసుగొచ్చినా తవ్వాల్సిందే. వంగిన ఇనుప మేకు ఒక వైపు నుంచి వెండిలా పలుకుతుంది. 90 డిగ్రీలు తిరిగి మళ్ళీ ఊపితే శబ్దం విరిగిపోతుంది, వెండైతే నిలబడుతుంది. చిన్న నాణెం ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు దాటితే ఈ ధర మెషిన్‌కి వినపడడం కష్టం. నేల తడిగా ఉంటే కాస్త నయం.

గడ్డిని గుర్రపు లాడం ఆకారంలో మూడు వైపులా కోసి మూతలా తెరవండి, మళ్ళీ మూస్తే వేళ్ళు బతుకుతాయి. చెట్ల మొదళ్ళ దగ్గర మాత్రం వద్దు. దొరికిన నాణేన్ని వేలితో రుద్దకండి, ఇసుక గీతలు పడతాయి. నీళ్ళతో కడిగితే చాలు.

నాకు ఇక్కడ బాగా నచ్చింది అనుమతి పద్ధతి. తోట యజమానిని అడిగి, దొరికింది ఎవరికెంతో కాగితం మీద రాసుకుని, కోతలయ్యాక నేల గడ్డకట్టేలోపు మొదలుపెట్టొచ్చు. మసాచుసెట్స్ తీరంలోని కేప్ కాడ్‌లో 1717లో మునిగిన సముద్రదొంగల ఓడ విడా 1984లో దొరికింది కదా అని డిటెక్టర్ పట్టుకుని అక్కడి మార్కోనీ బీచ్‌కి మాత్రం వెళ్ళకండి. అది నేషనల్ పార్క్ సర్వీస్ నేల, అక్కడ డిటెక్టర్ చేతిలో ఉండడమే నేరం.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి 1878 నాటి చట్టం ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి.