అయస్కాంతానికి అంటని మట్టి

అందరికీ నమస్కారం. ఈ డబ్బాలో ఉన్నది ములుగు రోడ్డు వైపు ఒక మెకానిక్ షెడ్డు ముందు పొద్దున్నే గీకి తెచ్చిన మట్టి. బెత్తెడు లోతు కూడా తవ్వలేదు. నిజానికి అది ఎర్ర చెలక, ఇప్పుడేమో బొగ్గుపొడిలా ఉంది. ఇందులో అయస్కాంతం తిప్పుతున్నాను, చూడండి. మీసాల్లా అంటుకున్నది ఇనుప రజను. చాలామంది కాలుష్యమంటే ఇదే అనుకుంటారు. నా భయమంతా డబ్బాలో మిగిలినదాని గురించి. సీసం, కాడ్మియం, రాగి, జింకు అయస్కాంతానికి రావు.

పాత బ్యాటరీ విప్పితే పలకల నిండా సీసమే. చక్రాల బ్యాలెన్సింగుకు బిగించే ముక్కలనూ చాలాకాలం సీసంతోనే చేశారు. టైరు రబ్బరులో జింకు, బ్రేకు లైనర్లలో రాగి. ఇంజన్ ఆయిల్లో ముందే జింకు ఉంటుంది, దించేనాటికి బేరింగుల అరుగుదల కూడా తోడవుతుంది.

ఆయిల్ మరకను నేలలోని సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. లోహాన్ని ఏ జీవీ అరిగించుకోలేదు. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. ఆనాటి పొగలోని సీసం పాత రోడ్ల పక్క మట్టిలో నేటికీ దొరుకుతుంది.

సీసం మామూలుగా పైమట్టినే అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని కదిలించేది ఆమ్లం. బ్యాటరీ యాసిడ్ పారబోసే మూలనే సీసపు పొడీ రాలుతుంది, అదీ చిక్కు. నల్లరేగడి లోహాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది, ఇసుకపాలు ఎక్కువైన చెలకకు ఆ పట్టు లేదు. ఇక తొలకరికి షెడ్డు ముంగిలి కాల్వలోకి, కాల్వ చెరువులోకి. కాకతీయులు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించింది ఇందుకా!

చెరువు సంగతి పెద్దది. ఇవాళ నా ఆదుర్దా ఒక చొక్కా గురించి. షెడ్డులో పనిచేసే తమ్ముడు అదే చొక్కాతో ఇంటికి వెళ్లి బిడ్డను ఎత్తుకుంటాడు. నోట్లోకి పోయిన సీసం పెద్దల కంటే పిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువ ఇంకుతుంది. ఎముకల్లో చేరి ఏళ్లతరబడి కూర్చుంటుంది. పని చొక్కా షెడ్డులోనే విడవాలి, ఊడ్చే ముందు నీళ్లు చిలకరించాలి. ఆయిల్ పీల్చడానికి రంపపు పొట్టు చల్లుతారు, మంచిదే. సాయంత్రం దాన్ని తగలబెడితే మాత్రం లోహం బూడిదతో పాటు గాలికి లేస్తుంది. బ్యాటరీని పగలగొట్టకుండా అలాగే వెనక్కి ఇవ్వండి, వాడేసిన వాటిని సేకరించే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

డబ్బా వెనక వరసల దాకా పంపుతున్నాను, అయస్కాంతం మీరూ తిప్పి చూడండి. మట్టి ముట్టినవాళ్లు మాత్రం సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ కప్పు పట్టుకోండి.