మాస్టారి ఎర్ర సిరా
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, నా తోటి పింఛనుదారులకు నమస్కారం. ఇప్పటికే నలుగురు మాట్లాడారు. వంటల వైపు నుంచి సాంబారు వాసన కూడా వస్తోంది. అందుకని పొగడ్తల భాగం వదిలేస్తాను.

నన్ను నకారా తీర్పు గురించి మాట్లాడమన్నారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయతో విదిల్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఈ రోజు మనకు పండుగ అయింది అందుకే. సరే. అలా హక్కుగా వచ్చిన డబ్బును ముక్కూ మొహం తెలియనివాడికి ధారపోసిన ఒక మాస్టారి సంగతి చెబుతాను. దగ్గరుండి ధారపోయించింది నేనే.

అది 2009. ఒక బ్యాంకు శాఖలో కౌంటరులో ఉన్నాను. ఎనిమిదో తరగతిలో నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు ఒక మధ్యాహ్నం వచ్చి 18,500 రూపాయలు కట్టాలన్నారు. ఆయనకు చెయ్యి వణుకుతుంది, అందుకని చలానా నేనే నింపాను. ఉత్తరాదిలో ఏదో ఊరి శాఖ, ఎవరిదో పొదుపు ఖాతా. ‘ఎవరు మాస్టారూ వీరు?’ అని నోటిదాకా వచ్చింది. వెనక వరుస పెద్దదిగా ఉంది. ముద్ర కొట్టి రసీదు చింపి ఇచ్చాను. పది రోజులకు 46,000. నెలాఖరుకు, గడువు తీరని డిపాజిట్టు రద్దు చేయించి 1,20,000. మూడు చలానాల మీదా నా చేతిరాతే.

మాస్టారికి మోసగాళ్లు పంపిన ఈమెయిల్ ఎలాంటిదో మీకు తెలుసు. మీ చిరునామాకు లండన్‌లో లాటరీ తగిలింది, ఐదు లక్షల పౌండ్లు. ముందు ప్రాసెసింగ్ రుసుము కట్టండి, తర్వాత కస్టమ్స్ సుంకం, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి పత్రం. లండన్ లాటరీకి రుసుము మన దేశంలోనే ఒక మనిషి సొంత పొదుపు ఖాతాలోకి ఎందుకు వెళుతుంది? కమీషన్ ఆశ చూపి ఎవరి ఖాతానో అద్దెకు తీసుకుంటారు కాబట్టి. అది నాకు ఆ తర్వాత తెలిసింది.

మన రోజుల్లో బస్టాండు బల్లల మీద భూటాన్ లాటరీ, సిక్కిం లాటరీ టికెట్లు రంగురంగులుగా పరిచేవారు, గుర్తుందా? మా బావగారు ప్రతి వారం కొనేవారు. పేపర్లో ఫలితాల పట్టిక మీద వేలు పెట్టి, చివరి అంకె దాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. ఒక్కసారీ తగల్లేదు. అయినా ఆయన చేతిలో టికెట్టయితే ఉండేది! ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లాటరీలకు అనుమతి లేదు. విదేశీ లాటరీ కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపడం విదేశీ మారక నిబంధనల ప్రకారం కుదరదు. రిజర్వు బ్యాంకు మీకూ నాకూ పొదుపు ఖాతా తెరవదు, బహుమతి సొమ్ము పంచిపెట్టదు. ఇవన్నీ బ్యాంకు ఉద్యోగిగా నాకు తెలిసి ఉండాల్సినవి.

వెనక కుర్చీల్లో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి. మేమూ నవ్వాం. ఇంగ్లీషు మాస్టారికి ఇంగ్లీషు ఉత్తరం అర్థం కాలేదా అని మా శాఖలో టీ తాగుతూ నవ్వుకున్నాం. ఆయన రావడం మానేశారు. పింఛను తీసుకోవడానికి అబ్బాయిని పంపేవారు.

ఆయన పోయాక ఆ అబ్బాయి నాకొక కాగితం ఇచ్చాడు. ఇదిగో, తెచ్చాను. అదే ఈమెయిల్, నాలుగు మడతల ప్రింటు. చూడండి, నిండా ఎర్ర సిరా! తప్పు స్పెల్లింగులకు సున్నాలు చుట్టారు, క్రియలు సరిదిద్దారు, మార్జిన్‌లో ‘వాక్యం అసంపూర్ణం’ అని రాశారు. అన్ని తప్పులూ పట్టుకున్నారు, అయినా డబ్బు కట్టారు. 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ ఒక పరిశోధన పత్రంలో అన్నదేమిటంటే, ఇలాంటి ఉత్తరాలు నమ్మశక్యం కాకుండా ఉండటమే మోసగాడికి లాభం. అనుమానించేవాళ్లు మొదట్లోనే జారిపోతారు, మిగిలిన కొద్దిమంది మీదే వాడు శ్రమ పెడతాడు. జల్లెడ అన్నమాట. మా మాస్టారు ఆ తప్పులు దిద్దుతూ కూడా జల్లెడలోనే మిగిలారు.

కింద ఒక వాక్యం ఉంది. ‘సొమ్ము చేతికి అందేవరకు ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దు’ అని. అందులో తప్పేమీ లేదు. మాస్టారు దాని పక్కన టిక్కు పెట్టారు.

నాకు పట్టుకున్నది ఆ టిక్కే. మొదటి 18,500 దగ్గర ఇంట్లో ఒక్కరితో అన్నా మిగతాది మిగిలేది. నేను నోరు తెరిచి అడిగినా మిగిలేది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం. నైజీరియా శిక్షాస్మృతిలో మోసానికి 419వ సెక్షను, అందుకే ఈ తరహా మోసానికి ఆ పేరు. మనకు 420 ఉండేది, 2024 జులై నుంచి అది 318 అయింది. తిట్టడానికి కొత్త అంకె అలవాటు చేసుకోవాలి. ఈమెయిల్ కాస్తా వాట్సాప్ అయింది, కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో 25 లక్షలంటూ ఫొటో వస్తోంది, వెంట తియ్యటి గొంతుతో ఒక మాట. ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. వెంటనే చేస్తే, వాడు తీసుకోకముందే డబ్బును ఆ ఖాతాలోనే ఆపే వీలుంటుంది. రేపు అనుకుంటే కష్టం.

భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుంటాను. ఫోనులో అలాంటిది ఉన్నవారు తెచ్చి చూపించండి. ఈసారి నవ్వను.