రేవు మూసుకుపోయాక డనిచ్ ఏమైంది?

[దృశ్యం: గులకరాళ్ల ఒడ్డు, బురదరంగు కెరటాలు, వెనక ఇసుక గట్టు]

ఈ నీళ్ల కింద వీధులున్నాయి, చర్చిల రాళ్లున్నాయి. ఇంగ్లండ్ తూర్పు తీరంలో, సఫోక్‌లో ఉన్న ఈ ఊరిని డన్‌విచ్ అని రాస్తారు, డనిచ్ అని పిలుస్తారు. ఒకప్పుడు పెద్ద రేవు పట్టణం. ఇప్పుడు చిన్న పల్లె.

ఒక్క తుఫానుకే సముద్రం మింగేసిందని చాలామంది చెప్తారు. కాదండీ, కథ అంతకంటే పెద్దది.

[దృశ్యం: పాత తోలు కాగితాల పుస్తకం]

1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్కలు చూడండి. ఇక్కడ ఉన్న రెండు అరకల సాగుభూమిలో ఒకదాన్ని సముద్రం తీసుకుపోయిందని అప్పటికే రాసుంది. అదే లెక్క ప్రకారం ఒక్క చర్చి ఉన్నచోట మూడయ్యాయి. ఊరు 60 వేలకు పైగా హెర్రింగ్ చేపలు కప్పంగా ఇచ్చేది. పొలం కోసుకుపోతున్నా ఊరు ఎలా పెరిగింది? వీళ్ల బతుకంతా రేవు మీదే కాబట్టి.

దెబ్బ తగిలింది కూడా అక్కడే. 1286లో పెను తుఫాను వచ్చింది. ఇళ్లు కూలాయి, గులకరాళ్లు రేవు మొగలోకి కొట్టుకొచ్చాయి. జనం తవ్వుకుంటూ నెట్టుకొచ్చారు. 1328లో మరో తుఫాను మొగను పూడ్చేసింది. ఆ మొగ దగ్గర సముద్రంలో కలిసే నది ఉత్తరానికి, వాల్బర్స్‌విక్ అనే పక్క ఊరి వైపు దారి చూసుకుంది. ఓడలూ అటే వెళ్లాయి. 1347లో సుమారు 400 ఇళ్లు పోయాయి. రాబడి లేని ఊరికి మళ్లీ కట్టుకునే శక్తి ఎక్కడిది? నా దృష్టిలో డనిచ్‌ను చంపింది రేవు మూసుకుపోవడమే. సముద్రం ఆ తర్వాత శిథిలాలను తీసుకుపోయింది.

1540లలో సెయింట్ జాన్స్ చర్చిని, సముద్రం దాన్ని చేరకముందే, ఊరివాళ్లే విప్పి సామాను అమ్ముకున్నారు. తమ గుడిని తామే విప్పుకోవడం ఎంత కష్టమో!

ఇంత చితికినా డనిచ్ 1832 దాకా పార్లమెంటుకు ఇద్దరు సభ్యుల్ని పంపింది. అప్పటికి ఓటర్లు 32 మంది.

[దృశ్యం: గట్టు అంచున వేలాడుతున్న చర్చి, పాత ఫోటో]

సముద్రం పాలైన పాత చర్చిల్లో చివరిది ఆల్ సెయింట్స్. 1904లో కూలడం మొదలైంది, 1919లో గోపురం పడిపోయింది. దాని సమాధుల్లోని ఎముకలు గట్టులోంచి బయటికి కనిపించేవి.

నీళ్లు మరీ మురికిగా ఉండటంతో లోపల ఏమీ కనిపించదు. అందుకే సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ సియర్ బృందం ధ్వని తరంగాలతో మునిగిన ఊరిని మ్యాప్ చేసింది. అది 3 నుంచి 10 మీటర్ల లోతులో ఉంది.

[దృశ్యం: సెయింట్ జేమ్స్ చర్చి ఆవరణ]

ఇక్కడికి వెళ్తే ఒకప్పుడు ఆల్ సెయింట్స్ గోడకు ఆసరాగా ఉన్న రాతి స్తంభం కనిపిస్తుంది. సముద్రం చేరేలోపు ఊరివాళ్లు దాన్ని ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. చేత్తో తాకొచ్చు.