ముందు బండిలో ఎవరు: రోడియో ఊరేగింపులో గ్రాండ్ మార్షల్ గౌరవం

అందరికీ నమస్కారం.

టెక్సాస్‌లో ఈసారి రోడియో (కౌబాయ్‌ల గుర్రపు స్వారీ, పశువుల పోటీలు) ఊరేగింపు కమిటీల్లో పనిచేస్తామని పేర్లిచ్చిన తెలుగువాళ్ళ కోసం ఈ మాటలు. హ్యూస్టన్‌లో 1932లో మొదలైన పశువుల ప్రదర్శనకు 1952 నుంచి ట్రెయిల్ రైడర్లు గుర్రాల మీద వచ్చి చేరుతున్నారు. మొదటి జట్టు బ్రెన్‌హామ్ అనే ఊరి నుంచి బయల్దేరింది. అంత పెద్ద నగరం సంగతి అలా ఉంచుదాం. మీకు అప్పగించేది చిన్న ఊరి ఊరేగింపు. రెండున్నర కిలోమీటర్ల దారి, ఓ 80 జట్లు, జెండా దళం వెనక, మిగతా అందరికంటే ముందు ఒక బండి, ఆ బండిలో గ్రాండ్ మార్షల్, అంటే ఆ ఏడాది ఊరు గౌరవించాలని ఎంచుకున్న మనిషి.

మార్షల్ అంటే పోలీసు అధికారో సైన్యాధిపతో గుర్తొస్తారు. కానీ ఆ మాట పాత జర్మానిక్ భాషల్లో గుర్రం, సేవకుడు అనే రెండు పదాలు కలిసి పుట్టింది. అంటే గుర్రపుశాలలో పనివాడు. పెద్ద బిరుదు కావడం తర్వాతి సంగతి. కాకతీయుల కాలంలో మనకూ ‘సాహిణి’ అన్న పదవి ఉండేది, గుర్రాల దళాన్నో ఏనుగుల దళాన్నో చూసే అధికారి. గణపతిదేవుడి దగ్గర జాయప సేనాని గజసాహిణి. కాబట్టి రాత్రి షిఫ్టు నర్సమ్మనో, ముప్ఫై ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్న పెద్దాయననో మార్షల్ అని పిలిస్తే ఆ మాటకు చిన్నతనమేమీ లేదు. పుట్టింటికి తీసుకెళ్ళినట్టే.

ఎంపికకు ఐదు నెలల ముందే కూర్చోవాలి. ప్రతిపాదన ఫారం ఒక్క పేజీ చాలు. అందులో నాలుగే అడగండి. ఏం చేశారు, ఎన్నాళ్ళుగా, ఎవరికి, కళ్ళారా చూసినవాళ్ళెవరు. చుట్టాలు కాని ఇద్దరి సంతకాలు తీసుకోండి. ‘చాలా మంచి మనిషి, అందరికీ సాయపడతారు’ అని నింపిన ఫారాలు కుప్పలుగా వస్తాయి. వాటిని వెనక్కి పంపి వివరం అడగండి. రేపు అనౌన్సర్ చదవబోయేది ఆ ఫారంలో ఉన్నదే. కమిటీలో ఏడుగురుంటే ఓట్లు సమానంగా చీలవు. చందా ఇచ్చినవాళ్ళ ప్రతినిధిని మాత్రం ఆ ఏడుగురిలో కూర్చోబెట్టకండి. చందాదారుకు వేరే బ్యానరుంది, వేరే బండుంది.

పేరు ప్రకటించే ముందు ఆ మనిషిని ఒంటరిగా కలిసి అడగాలి. ‘ఆశ్చర్యపరుద్దాం’ అన్న సరదా ఇక్కడ వద్దు. తన ఫొటో, ఇల్లున్న వీధి పదిమందికీ తెలియకూడదని కోరుకోవడానికి వాళ్ళకు సొంత కారణాలుండొచ్చు. మోకాళ్ళ నొప్పులుండొచ్చు, గుర్రాలంటే భయముండొచ్చు. ఒక ప్రత్యామ్నాయ పేరు కూడా సిద్ధంగా ఉంచుకోండి.

న్యాయనిర్ణేతలు పొరపడినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఒరెగాన్ రాష్ట్రంలోని పెండిల్టన్ రౌండప్ అనే రోడియో ఉంది. 1911లో అక్కడ అడవి గుర్రపు స్వారీ చివరి పోటీలో నల్లజాతి కౌబాయ్ జార్జ్ ఫ్లెచర్ జనాన్ని ఊపేశాడు. నిర్ణేతలు మాత్రం మొదటి బహుమతి జాన్ స్పెయిన్‌కు ఇచ్చారు. జనం ఒప్పుకోలేదు. షెరిఫ్ టిల్ టేలర్ ఫ్లెచర్ టోపీ తీసుకుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా అమ్మి, ఆ డబ్బు అతని చేతిలో పెట్టాడు. ఇప్పుడు పెండిల్టన్ మెయిన్ స్ట్రీట్‌లో ఉన్నది ఫ్లెచర్ కంచు విగ్రహం. కమిటీ కాగితం మీద ఎవరి పేరు రాసినా, దారి పక్కన నిలబడ్డవాళ్ళకు ఎవరు తగినవాళ్ళో తెలుసు. ఫారాలు చదివేటప్పుడు ఆ టోపీ ముక్కలు గుర్తుంచుకోండి.

ఒక్క మనిషిని కాక ఒక బృందాన్ని ఎంచుకున్నప్పుడు చిక్కు ఇంకో రకం. ‘మన ఆసుపత్రి సిబ్బంది’ అని ప్రకటిస్తాం. తీరా ఆ రోజు బండిలో కనిపించేది ముగ్గురు మేనేజర్లు, ఒక ప్రజాసంబంధాల అధికారి. నర్సులేమో డ్యూటీలో ఉంటారు. అందుకని ఆహ్వానపత్రంలోనే రాయండి: ఆరుగురు, తోటి ఉద్యోగులు ఎన్నుకున్నవాళ్ళు, అందులో కనీసం ఇద్దరు రాత్రి షిఫ్టువాళ్ళు. ఆ రాత్రి వాళ్ళకు సెలవు ఇవ్వాలని కూడా రాయండి, లేకపోతే నిద్రలేని కళ్ళతో వచ్చి ఎండలో కూర్చుంటారు. అగ్నిమాపక దళంవాళ్ళయితే మరో సంగతి. అమెరికాలో ఫైర్ సిబ్బందిలో సగానికి పైగా జీతంలేని స్వచ్ఛంద సేవకులే. ఊరేగింపు మధ్యలో పేజర్ మోగితే వాళ్ళు దిగి పరుగెత్తాలి. దారిలో ఏ అడ్డవీధి దగ్గర దిగుతారో, అక్కడ ఏ వాహనం ఉంటుందో ముందే తేల్చుకోండి.

ఇక దారి. 2012 నవంబర్ 15న ఇదే టెక్సాస్‌లో, మిడ్‌లాండ్‌లో, యుద్ధంలో గాయపడిన సైనికులను గౌరవించడానికి ఊరేగింపు తీశారు. ట్రక్కు వెనక చదును ట్రైలరు మీద కుర్చీలు వేసి సైనికులను, వాళ్ళ భార్యలను కూర్చోబెట్టారు. దారి రైలు పట్టాలు దాటింది. ట్రైలరు పట్టాల మీద ఉండగా గూడ్సు రైలు గుద్దింది. నలుగురు మాజీ సైనికులు చనిపోయారు. జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలినదాన్ని చూస్తే గుండె మండుతుంది. రైళ్ళు నడుస్తున్న పట్టాల మీదుగా దారి వేస్తున్నామన్న ప్రమాదాన్ని నగరమూ నిర్వాహకులూ ముందుగా అంచనా వేయలేదు. ఊరేగింపుకు పర్మిట్ తీసుకోలేదు. రైల్వేకు కబురు లేదు. అక్కడ ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, అందరూ గౌరవించాలనే వచ్చారు.

కాబట్టి పర్మిట్ అంటే నగర కార్యాలయంవాళ్ళ చాదస్తం అనుకోకండి. ఆ దరఖాస్తు నింపేటప్పుడే పట్టాలు, వంతెనలు, కరెంటు తీగల ఎత్తు, ఆసుపత్రి దారి అన్నీ బయటపడతాయి. పట్టాలున్న దారి వద్దే వద్దు. వేరే దారి లేకపోతే, రైల్వే సంస్థ నుంచి ఆ గంటల్లో రైళ్ళు ఆపుతామన్న రాతపూర్వక హామీ తీసుకోండి. ముందున్న పోలీసు బండి సిగ్నళ్ళు దాటిస్తుంటే వెనక వచ్చే డ్రైవరుకు రైల్వే గేటు ఎర్రదీపం కూడా ‘మనకు కాదులే’ అనిపిస్తుంది. ఊరేగింపులో ఉన్న ప్రమాదం అదే.

ఆరిజోనాలోని టూసాన్‌లో 1925 నుంచి నడుస్తున్న రోడియో ఊరేగింపులో మోటారు వాహనాలే ఉండవు, అన్నీ గుర్రపు బండ్లూ నడిచేవాళ్ళూ. చూడముచ్చటగా ఉంటుంది కానీ అక్కడే 2007లో బండి గుర్రాలు అదుపు తప్పి పరుగెత్తడంతో, గుర్రం మీదున్న ఐదేళ్ళ పాప ప్రాణం పోయింది. ఇంజను లేనంత మాత్రాన బండి నెమ్మదైనది అయిపోదు.

గ్రాండ్ మార్షల్‌ను గుర్రపు బండిలో ఎక్కించేటప్పుడు తప్పని వరుస ఒకటుంది. మొదట ఎక్కేది బండివాడు. కళ్ళేల పగ్గాలు అతని చేతిలోకి వచ్చాక, గుర్రాల తలల దగ్గర ఒక మనిషి నిలబడ్డాక, అప్పుడే ప్రయాణికులు ఎక్కాలి. దిగేటప్పుడు దీనికి తిరగేసి, అందరూ దిగాక చివరగా బండివాడు. ఫొటో కోసం ‘మీరు కూడా కిందికి రండి’ అని అతన్ని దింపితే పగ్గాలు పట్టేవాళ్ళుండరు. మూడు మెట్ల పీట, పట్టుకునే కడ్డీ, అటొకరు ఇటొకరు సాయం ఉండాలి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకు తక్కువ ఎత్తు బండి, ర్యాంపు, నాలుగు మూలలా బిగించే పట్టీలు కావాలి. కుర్చీని చేత్తో పట్టుకుంటామనే మాట ఒప్పుకోకండి. బండి గుర్రాలకు 12 నెలలలోపు చేసిన కాగిన్స్ రక్తపరీక్ష (గుర్రాలకు సోకే రక్తహీనత అంటువ్యాధి లేదని తేల్చేది) కాగితం చూడండి. మామూలు ఇనప నాడాలు తారు రోడ్డు మీద జారతాయి. రబ్బరు నాడాలో, గట్టిలోహపు పూత ఉన్నవో ఉండాలి.

గుర్రానికి చుట్టూ చాలావరకు కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనకా ముక్కు ముందూ తప్ప. అందుకే వెనక నుంచి వచ్చే చప్పుడుకు అది బెదురుతుంది. పెళ్ళి ఊరేగింపులో గుర్రం పక్కన టపాకాయల దండ అంటించిన చోట ఉన్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మన డప్పు జట్టును మార్షల్ బండికి దగ్గరగా పెట్టాలని ఉత్సాహపడతారు. పెట్టకండి, కనీసం పది జట్ల దూరం ఉంచండి. ఫైర్ ఇంజన్లు, సైరన్లు చివర్న, గుర్రాలన్నీ వెళ్ళిపోయాక. అగ్నిమాపక వీరులు ముందు బండిలో, వాళ్ళ ఇంజను మాత్రం ఆఖరున. బండి వెనక బ్యాండు కాకుండా, పార చీపురు చేతబట్టిన ఇద్దరుండాలి. తెల్లబూట్లతో కవాతు చేసే పిల్లలు మీకు రుణపడి ఉంటారు.

జెండా విషయంలోనూ ఒక మాట. అమెరికా జెండాను బండి మీద, బానెట్ మీద కప్పకూడదు. వాహనానికి పెడితే కర్రను బండి చట్రానికో కుడివైపు ముందు ఫెండరుకో బిగించాలి. జెండా దళం మార్షల్ బండికి ముందు నడుస్తుంది. అది ఎదురుగా దాటుతున్నప్పుడు జనం టోపీలు తీస్తారు. బండిలో ఉన్న మార్షల్‌కు ఆ మర్యాద ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు లెక్క. ఊరేగింపు నడక గంటకు 4 కిలోమీటర్లు, నిమిషానికి 67 మీటర్లు. రెండున్నర కిలోమీటర్ల దారికి ముందు బండి చేరడానికి 37 నిమిషాలు. జట్టుకు 10 మీటర్లు, మధ్యలో 15 మీటర్ల ఖాళీ అనుకుంటే 80 జట్లు 2 కిలోమీటర్ల పొడవు. అంటే తోక మరో 30 నిమిషాలకు చేరుతుంది. ఈ లెక్కలోనే మార్షల్‌కు ఒక మేలుంది. ముందుగా చేరతారు కాబట్టి గమ్యం దగ్గర నీడలో కుర్చీలేస్తే మిగిలిన ఊరేగింపు మొత్తం కూర్చుని చూడొచ్చు. చాలామంది నిర్వాహకులు వాళ్ళను దింపి మర్చిపోతారు.

దారి పక్కన ఉన్న మనిషికి బండి కనిపించేది సుమారు 30 మీటర్ల మేర, అంటే అర నిమిషం కన్నా తక్కువ. ఆ కాసేపట్లో ఈ బండిలో ఎవరు, ఎందుకు అన్నది తెలియకపోతే ఎవరో పెద్దాయన చెయ్యి ఊపుతూ పోయినట్టే. బండికి రెండు వైపులా బోర్డు ఉండాలి. 15 మీటర్ల దూరం నుంచి చూడగానే చదవాలంటే అక్షరం ఎత్తు 12 సెంటీమీటర్లుంటే మంచిది. పేరు ఒక వరుస, చేసిన పని ఇంకో వరుస, అంతే. కమిటీ పేరు, చందాదారుల గుర్తులు ఆ బోర్డు మీద వద్దు. అనౌన్సర్‌కు 40 మాటలకు మించని పాఠం ఇవ్వండి. ‘20 ఏళ్ళుగా వరదలొచ్చినప్పుడల్లా తన పడవతో జనాన్ని గట్టుకు చేర్చినవారు’ లాంటి ఒక్క వాక్యం ఉంటే చాలు. పేరు ఎలా పలకాలో పక్కనే రాసివ్వండి, మన తెలుగు పేర్లయితే మరీ. ముందురోజు అనౌన్సర్ చేత బిగ్గరగా చదివించండి.

మనవాళ్ళకు గౌరవమంటే శాలువా, పూలదండ. మంచిదే, కానీ బండి ఎక్కించేముందు గుర్రాల పక్కన కాదు. గాలికి రెపరెపలాడే శాలువాకు గుర్రం బెదరొచ్చు, దండ అందితే నమిలేస్తుంది. పొద్దున ఫలహారాల దగ్గరే సన్మానం చేసేయండి. మిఠాయిలు బండిలోంచి విసరకూడదు, పిల్లలు చక్రాల కిందికి పరుగెత్తుతారు. పక్కన నడిచేవాళ్ళు చేతికి అందించాలి. ఉరుము వినిపిస్తే ఆపేయాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్ళీ.

ఇంకొక్కటి. మార్షల్ పొద్దున తన కారు బయల్దేరే చోట పెట్టి వస్తారు, ఊరేగింపేమో రెండున్నర కిలోమీటర్ల అవతల ముగుస్తుంది, వీధులన్నీ మూసి ఉంటాయి. వాళ్ళను తిరిగి కారు దగ్గరకు చేర్చే మనిషి పేరూ ఫోన్ నంబరూ ముందురోజు రాత్రికే వాళ్ళ చేతిలో ఉండాలి.