కిటికీ తీసి పెట్టిన గాయకుడు

అందరికీ నమస్కారం.

ఈ సభకు రమ్మని ఫోను చేసినప్పుడు నేను కాస్త నసిగాను. పంక్ రాక్ గురించి, అంటే 1970ల నాటి ఆ మొరటు, కోపపు రాక్ సంగీతం గురించి, తెలుగులో మాట్లాడితే వచ్చినవాళ్లలో సగం మంది ఆ పాటలు విని ఉండరు. విన్నవాళ్లకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఏం చెప్పను? "పాటల సంగతి అలా ఉంచండి, అభిమానుల సంగతి చెప్పండి" అన్నారు. దానికి ఒప్పుకున్నాను. తెల్లవారుజాము ఆటకు టికెట్టు కోసం చొక్కాలు చింపుకున్నవాళ్లం, అభిమానం అంటే మనకు ఒకరు విడమరిచి చెప్పాలా?

నేను చెప్పబోయేది జో స్ట్రమర్ గురించి. ద క్లాష్ అనే లండన్ బ్యాండులో పాడేవాడు, గిటారు వాయించేవాడు, పాటల్లో ఎక్కువ భాగం మాటలు అతనివే. 2002 డిసెంబరు 22, ఆదివారం నాడు, ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో బ్రూమ్‌ఫీల్డ్ అనే పల్లెలో, సొంత ఇంట్లో చనిపోయాడు. యాభై ఏళ్లు. కుక్కలను తిప్పుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందనీ, బతికి ఉండగా ఎవరూ దాన్ని కనిపెట్టలేదనీ తర్వాత తేలింది.

పోయినవాణ్ణి పట్టుకుని "చనిపోయాడు" అంటున్నానని నొచ్చుకోకండి. ఘంటసాల పాడాడు అంటాం గానీ పాడారు అంటామా? మరీ దగ్గరివాళ్లకు గౌరవ వాచకం అడ్డం వస్తుంది.

అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. 1952లో టర్కీ రాజధాని అంకారాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ విదేశాంగ శాఖ ఉద్యోగి. ఆ తండ్రి పుట్టింది మన లక్నోలో. పిల్లవాణ్ణి హాస్టలు బడిలో వేసి తల్లిదండ్రులు దేశాలు తిరిగారు. తర్వాత చిత్రకళ చదువు మధ్యలో మానేసి, వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో కొన్నాళ్లు శ్మశానంలో గోతులు తవ్వాడు. ఎడమచేతి వాటం వాడైనా గిటారు మాత్రం కుడిచేత్తోనే నేర్చుకున్నాడు. వేళ్లు చకచకా ఆడవు, తీగలన్నిటినీ కలిపి బరబరా గీకడం ఒక్కటే వచ్చు. స్ట్రమర్ అంటే అర్థం అదే, గీకేవాడు అని. మనలో ఎవరైనా బిరుదు పెట్టుకుంటే గానకోకిల అని పెట్టుకుంటాం.

నేను మొదటిసారి విన్నది 1980ల చివర, ఇంజనీరింగ్ హాస్టల్లో, నాలుగోసారో ఐదోసారో కాపీ అయిన క్యాసెట్టులో. నా వాక్‌మన్‌కు కుడి చెవి పనిచేసేది కాదు. రెండేళ్లపాటు సగం పాటే విన్నాను. తర్వాత ఒక మిత్రుడి ఇంట్లో పెద్ద స్పీకర్లలో విని, ఇందులో ఇంకో గిటారు కూడా ఉందా అని నోరు తెరిచాను. ఆ రెండో గిటారు మిక్ జోన్స్‌ది. అతని సంగతి మళ్లీ వస్తుంది.

అసలు వినలేదనుకునేవాళ్లకు ఒక మాట. స్లమ్‌డాగ్ మిలియనీర్ చూశారా? అందులో పిల్లలు రైలు పైకప్పు మీద తిరుగుతుంటే మాయా అనే గాయని పాట ఒకటి వస్తుంది. ఆమె తమిళ శరణార్థి కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఆ పాట అడుగున సాగే వాయిద్యం క్లాష్ 1982లో చేసిన పాటది. అమెరికా సైనికులు వియత్నాంలో కని వదిలేసి వెళ్లిన పిల్లల గురించి స్ట్రమర్ రాసిన పాట అది. కాబట్టి మీరు విన్నారు. ఎవరిదో తెలియదు, అంతే.

ఇక కిటికీ సంగతి. 1977, 78లలో క్లాష్ ఇంగ్లండు ఊళ్లన్నీ తిరుగుతూ కచేరీలు చేసేది. వెంట పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఊరి నుంచి ఊరికి వచ్చేవాళ్లు. దారిలో ఆపిన బండి ఎక్కి రావడం, టికెట్టుకు డబ్బులు లేకపోవడం, రాత్రి పడుకోవడానికి చోటు లేకపోవడం. బ్యాండువాళ్లు దుస్తులు మార్చుకునే గది వెనక కిటికీ తీసి వాళ్లను లోపలికి లాగేవాళ్లు. కచేరీ అయ్యాక హోటల్ గదుల్లో నేల మీద పడుకోనిచ్చేవాళ్లు. క్లాష్ అభిమానులను కదిలిస్తే ఇప్పటికీ ముందు ఈ కిటికీ కథే వస్తుంది. అందరూ ఒకే కిటికీలోంచి దూకినట్టు చెబుతారు. అందులో కొంతమంది దూకలేదని నా అనుమానం. సమానత్వం గురించి మైకు ముందు పాడటం తేలికే. బురద బూట్లతో పదిమంది కుర్రాళ్లు మన గదిలో అడ్డంగా పడుకుని ఉంటే, పొద్దున్నే మన బాత్రూం ముందు మనమే వరసలో నిలబడటం కష్టం.

ధర విషయంలోనూ అదే పద్ధతి. 1979 డిసెంబరులో రెండు రికార్డుల ఆల్బమ్ ఒక్క రికార్డు ధరకు, ఐదు పౌండ్లకు ఇచ్చారు. మరుసటి ఏడు మూడు రికార్డులు, 36 పాటలు, ఆరు పౌండ్లకు ఒక పెన్నీ తక్కువ. కంపెనీ ఊరుకుంటుందా? బ్రిటన్‌లో మొదటి రెండు లక్షల ప్రతుల మీద బ్యాండువాళ్లు తమ రాయల్టీ వదులుకుంటే గానీ ఒప్పుకోలేదు, వదులుకున్నారు. కూరగాయల బండి దగ్గర కొసరు అడుగుతాం చూడండి, అలా కొసరు కింద రెండు రికార్డులు వేశారన్నమాట. కొసరు వేసే మోజులో పుచ్చువంకాయలు కూడా కొన్ని పడ్డాయి. ఆ 36 పాటల్లో పన్నెండు తీసేసినా నాకు బాధ లేదు. ఈ మాట క్లాష్ అభిమానుల మధ్య అంటే మాత్రం ఇంటికి క్షేమంగా చేరను.

సౌతాల్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. లండన్ పడమటి అంచున పంజాబీలు ఎక్కువగా స్థిరపడిన పేట. 1976 జూన్‌లో గురుదీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి అక్కడ వీధిలో పొడిచి చంపారు. 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ అదే పేటలో, టౌన్ హాల్లోనే సభ పెట్టింది. జనం అడ్డుకున్నారు, పోలీసులు విరుచుకుపడ్డారు, బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు చనిపోయాడు, వందలమంది అరెస్టయ్యారు. ఆ కేసుల ఖర్చుల కోసం ఆ జూలైలో రెయిన్‌బో థియేటర్లో జరిగిన కచేరీల్లో క్లాష్ పాడింది. అంతకు ముందు ఏడాది విక్టోరియా పార్కులో జాత్యహంకారానికి వ్యతిరేకంగా జరిగిన పెద్ద సభలోనూ పాడింది. స్ట్రమర్‌కు ఇది పత్రికల్లో చదివిన సమస్య కాదు. అతని సొంత అన్న అదే నేషనల్ ఫ్రంట్ వైపు మొగ్గి, 1970లో ఆత్మహత్య చేసుకున్నాడు. దాని గురించి స్ట్రమర్ ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. నేనూ ఇక్కడితో ఆపుతాను.

అతన్ని దేవుణ్ణి చేస్తానని భయపడకండి. దౌత్య ఉద్యోగి కొడుకు మురికివాడ యాస తెచ్చిపెట్టుకున్నాడని మొదటి రోజు నుంచీ ఎత్తిపొడిచారు. అందులో నిజం ఉంది. 1982లో డ్రమ్ములు వాయించే టాపర్ హెడన్‌ను హెరాయిన్ వ్యసనం వల్ల బయటికి పంపారు. 1983లో మిక్ జోన్స్‌ను, అంటే నాకు వినపడని ఆ రెండో గిటారును, బ్యాండులోంచి తీసేశారు. స్ట్రమర్ దానికి సరే అన్నాడు. జోన్స్ లేకుండా 1985లో చేసిన ఆల్బమ్‌ను వీరాభిమానులు కూడా లెక్కలోంచి తీసేస్తారు. అదే ఏడాది జోన్స్‌ను వెతుక్కుంటూ బహామాస్ దాకా వెళ్లి మళ్లీ కలుద్దామన్నాడు. జోన్స్ అప్పటికే వేరే బ్యాండు పెట్టుకున్నాడు. పొయ్యి మీది పాలు పొంగిపోయాక మంట తగ్గించి ఏం లాభం? ఆ తర్వాత పదేళ్లకు పైగా స్ట్రమర్ దాదాపు తెరమరుగే. సినిమాల్లో చిన్న వేషాలు, ఇతరుల బ్యాండులకు సాయాలు. 1999లో మెస్కలేరోస్ అనే కొత్త బ్యాండుతో మళ్లీ నిలబడ్డాడు.

ఆ మరుగున పడిన కాలంలోనే అతనికి ఒక అలవాటు పట్టుకుంది. నెగడు. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవానికి వెళ్లి, వేదికల వెనక పొద్దస్తమానం మండే నెగడు వేసుకుని కూర్చునేవాడు. ఎవరొచ్చినా జరిగి చోటిచ్చేవాళ్లు. పక్కన కూర్చున్నది పెద్ద నటుడో, ఊరి రైతో, టికెట్టు లేకుండా గోడ దూకిన కుర్రాడో తెలియదు. అతను పోయాక జూలియన్ టెంపుల్ తీసిన డాక్యుమెంటరీలో మనుషులందరినీ నెగళ్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించారు. కింద ఎవరి పేరూ వేయలేదు. హాలీవుడ్ తార అయినా, ఒకప్పుడు అతనితో పాడుబడ్డ ఇంట్లో ఉన్న స్నేహితుడైనా నిప్పు వెలుగులో ఒక ముఖం, అంతే. పేర్లు వేయలేదని కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం అది అతని కిటికీలాగే అనిపించింది.

2002లో నేను లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ శీతాకాలంలో అగ్నిమాపక సిబ్బంది సమ్మె జరిగింది. ఏడాదికి 30,000 పౌండ్ల జీతం ఇవ్వాలని వాళ్ల కోరిక. వాళ్ల కోసం నవంబరు 15, శుక్రవారం రాత్రి యాక్టన్ టౌన్ హాల్లో స్ట్రమర్ కచేరీ. మా ఇంటి నుంచి ట్యూబు రైల్లో నాలుగు స్టేషన్లు. వెళ్దామనుకున్నాను. చలి. పైగా అప్పుడే వండిన పప్పుచారు. ఇంకోసారి చూద్దాంలే అనుకున్నాను.

ఆ రాత్రి మిక్ జోన్స్ మామూలు ప్రేక్షకుడిలా జనంలో నిలబడి ఉన్నాడు. క్లాష్ రోజుల నాటి బ్యాంకు దొంగ పాట మొదలుకాగానే ఉండబట్టలేక గిటారు తగిలించుకుని వేదిక ఎక్కేశాడు. ముందు అనుకున్నది కాదు. ఇద్దరూ ఒక వేదిక మీద కలిసి వాయించి దాదాపు ఇరవై ఏళ్లు. మూడు పాటలు వాయించారు. తర్వాత 37 రోజులకు స్ట్రమర్ లేడు. ఆ హాలులో ఉన్నది కొన్ని వందలమంది. మేం ఉన్నాం అని చెప్పేవాళ్లు ఇప్పుడు వేలల్లో ఉంటారు. నేను లేను. పప్పుచారు తిన్నాను.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున మా వీధి చివర దుకాణానికి పాల కోసం వెళ్లాను. గుజరాతీ పెద్దాయన కొట్టు. నా ముందు ఒకాయన, నలభై ఏళ్లుంటాయి, ఆఫీసు కోటు, నున్నగా దువ్విన జుట్టు, ఐదు పత్రికలు ఒకదాని మీద ఒకటి పేర్చి బల్ల మీద పెట్టాడు. "అన్నిట్లో ఉండేది ఒకటే వార్త కదా" అన్నాడు పెద్దాయన. "ఫోటోలు వేరు" అన్నాడతను. చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయాడు. పెద్దాయన ఆ చిల్లర ఒక వారంపాటు లెక్కల పుస్తకం పక్కన విడిగా పెట్టి ఉంచాడు.

పోయినవాణ్ణి తలుచుకోవడానికి మనకు ఒక పద్ధతి ఉంది. కూడలిలో విగ్రహం, జయంతికి దండ, వర్ధంతికి దండ, మధ్యలో కాకులు. స్ట్రమర్ అభిమానులు ఏం చేశారో చూడండి. 2003లోనే అతని కుటుంబం, మిత్రులు ఒక సంస్థ పెట్టారు. రికార్డింగుకు, సాధనకు డబ్బు లేని కొత్త బ్యాండులకు అది సాయం చేస్తుంది. ప్రతి డిసెంబరులో, అతను పుట్టిన ఆగస్టులో, ఎక్కడెక్కడో చిన్న హాళ్లలో అభిమానులు అతని పాటలు పాడి ఆ డబ్బు ఇలాంటి పనులకు పంపుతారు. 2005లో బ్రిస్టల్ స్టేషన్‌లో ఒక డీజిల్ రైలింజనుకు, నంబరు 47828, అతని పేరు పెట్టారు. ఇంజను పేరుపలక మీద పంక్ గాయకుడు. దండ వేద్దామంటే బండి కదిలిపోతుంది.

న్యూయార్క్‌లో, ఈస్ట్ విలేజ్‌లో, ఒక బారు గోడ మీద 2003లో అతని బొమ్మ వేశారు. తర్వాత గోడ బాగుచేయడం కోసం చెరిపేయాల్సి వచ్చింది, 2013లో మళ్లీ వేశారు. బొమ్మతో పాటు అతను తరచూ అనే మాట ఒకటి ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే, రేపటిని ఎవరూ రాసిపెట్టలేదు అని. నుదుటిరాత అనే మాటను ఉగ్గుపాలతో తాగిన నాలాంటివాడు దీని ముందు కాసేపు నిలబడాలి. మా అమ్మ అయితే, "రాసిపెట్టకపోతే యాభై ఏళ్లకే ఎందుకు పోతాడు నాయనా" అనేది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గ్రనాడా. స్పెయిన్ దక్షిణాన ఉన్న ఊరు. కవి లోర్కాను 1936లో ఆ ఊరి దగ్గరే కాల్చి చంపారు. శవం ఎక్కడుందో తెలియదు. స్ట్రమర్ లోర్కా పేరు పాటలో పెట్టి పాడాడు, 1980లలో ఆ ఊరికి వచ్చి ఉన్నాడు, అక్కడి బ్యాండు ఒకదానికి ఆల్బమ్ చేసిపెట్టాడు. పార కొనుక్కొచ్చి లోర్కాను తవ్వి తీద్దామన్నాడని అక్కడి మిత్రులు చెబుతారు. ఒకప్పుడు గోతులు తవ్విన చెయ్యి మరి. అభిమానులు పట్టుబట్టి అడిగితే 2013లో ఆ ఊరి నగరపాలక సంస్థ రెయాలెహో పేటలో ఒక చిన్న చౌకుకు జో స్ట్రమర్ పేరు పెట్టింది. నేను వెళ్లి చూశాను. పెద్దగా ఏమీ లేదు. వీధి పలక మీద పేరు, కూర్చోవడానికి చోటు. ఒక తల్లి పిల్లవాడికి బత్తాయి వలిచి పెడుతోంది.

స్పెయిన్‌లో ఉండగా స్ట్రమర్ ఒక డాడ్జ్ కారు కొన్నాడు. హడావుడిగా ఇంగ్లండు వెళ్లాల్సి వచ్చి దాన్ని మాడ్రిడ్‌లో ఏదో పార్కింగ్ గ్యారేజీలో పెట్టాడు. ఏ గ్యారేజీయో మరిచిపోయాడు. ఏళ్ల తర్వాత, 1997లో, స్పానిష్ రేడియోవాళ్లు మాట్లాడించినప్పుడు, నా కారు ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి అని శ్రోతలను అడిగాడు. అప్పటి నుంచి అభిమానులు వెతుకుతూనే ఉన్నారు. నేను గ్రనాడా నుంచి తిరిగి వస్తూ మాడ్రిడ్‌లో ఒక రోజు ఆగాను. మ్యూజియం చూడాల్సింది. నేల కింద గ్యారేజీ ఒకటి కనిపిస్తే మెట్ల దగ్గర నిలబడి తొంగి చూశాను. కాపలా ఆయన బయటికి వచ్చాడు. నాకు స్పానిష్ రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. డాడ్జ్ అన్నాను. స్ట్రమర్ అన్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, అడ్డుకర్ర ఎత్తి, వెళ్లి చూసుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.