బాగ్దాద్‌లో కరెంటు ఎన్ని గంటలు? ఇరాక్ ‘ప్రగతి’ని లెక్కగట్టిన ఇద్దరు నేతలు

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి 2005 నవంబర్ దగ్గరికి వెళ్దాం. ఆ నెలలో పన్నెండు రోజుల తేడాతో ఇద్దరు అమెరికా చట్టసభ సభ్యులు ఇరాక్ గురించి మాట్లాడారు. ఇద్దరూ డెమోక్రాట్లే, ఇద్దరూ 2002లో ఇరాక్ మీద యుద్ధానికి ఓటేసినవాళ్లే, కానీ ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతనే లేదు. అంతర్జాతీయ వార్తల డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేసిన అక్క మనతో ఉన్నారు. అక్కా, ఎవరితో మొదలుపెడదాం?

అతిథి: జాన్ మర్తాతో. పెన్సిల్వేనియా నుంచి ప్రతినిధుల సభ సభ్యుడు, వియత్నాంలో పోరాడిన మెరైన్. సైన్యానికి అడిగినంత నిధులిచ్చే మనిషిగా పేరు. అలాంటాయన నవంబర్ 17న మైకు ముందుకొచ్చి, సైన్యం చేయగలిగిందంతా చేసేసింది, ఇక వెనక్కి రప్పించండి అన్నాడు. వాషింగ్టన్ అదిరిపడింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన చూపించిన లెక్క తమ్ముడూ. చమురు ఉత్పత్తి, కరెంటు ఉత్పత్తి రెండూ యుద్ధానికి ముందున్న స్థాయికి కూడా చేరలేదన్నాడు. నిరుద్యోగం 60 శాతం దగ్గర ఉందన్నాడు. మంచినీటి పనులకు కేటాయించిన 220 కోట్ల డాలర్లలో ఖర్చయింది 50 కోట్లేనన్నాడు. దాడులు ఏడాదిలో వారానికి 150 నుంచి 700 దాటాయన్నాడు.

హోస్ట్: మరి రెండో ఆయన?

అతిథి: సెనేటర్ జో లీబర్‌మన్. 2000లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసినాయన. నవంబర్ 29న వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. పదిహేడు నెలల్లో నాలుగోసారి ఇరాక్ వెళ్లొచ్చాను, అక్కడ నిజమైన ప్రగతి కనిపిస్తోంది అని. రోడ్ల మీద కార్లు పెరిగాయి, ఇళ్ల మీద శాటిలైట్ డిష్‌లు వచ్చాయి, లక్షలాది మంది చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి అన్నాడు.

హోస్ట్: అవి అబద్ధం కాదు కదా అక్కా. సద్దాం టైమ్‌లో డిష్ పెట్టుకుంటే జైలే.

అతిథి: అబద్ధం అననే అనను. డిష్ మీద నిషేధం పోవడం, సెల్‌ఫోన్ రావడం చిన్న విషయాలు కావు, అక్కడివాళ్లకు దాని విలువ తెలుసు. కానీ ఒక్కటి చూడు. 2003లో అమెరికా దాడితో సద్దాం పోయాక సరిహద్దులు తెరుచుకుని ఏసీలు, ఫ్రిజ్‌లు, టీవీలు ఇరాక్‌లోకి కుప్పలుగా వచ్చిపడ్డాయి. కరెంటు వాడకం అమాంతం పెరిగింది. ఉత్పత్తి పెరగలేదు, పైగా తిరుగుబాటుదారులు హైటెన్షన్ టవర్లు కూల్చేస్తున్నారు. సద్దాం దక్షిణాదిని చీకట్లో పెట్టి బాగ్దాద్‌కు దాదాపు రోజంతా కరెంటు ఇచ్చేవాడు. ఆ తర్వాత ఉన్నదాన్ని దేశమంతా పంచడం మొదలుపెట్టేసరికి బాగ్దాద్ వాళ్లకు ఎండాకాలంలో కొన్ని గంటలే మిగిలింది. ఇక వీధికో ప్రైవేట్ జనరేటర్. ఇన్ని ఆంపియర్లకు నెలకు ఇంత అని కట్టించుకుని ఇంటింటికీ వైర్లు లాగుతారు. అంటే సెనేటర్ ప్రగతి అని లెక్కపెట్టిన వస్తువులే కరెంటు కోతను ఇంకా పెంచాయి. కారులో పోతుంటే ఇంటిమీద డిష్ కనిపిస్తుంది, లోపల టీవీ ఆగిపోయి ఉందన్నది కనిపించదు.

హోస్ట్: అసలు వీళ్లు వెళ్తే ఏం చూపిస్తారక్కా? స్వేచ్ఛగా తిరగనిస్తారా?

అతిథి: లేదు. బాగ్దాద్‌లో దిగితే గ్రీన్ జోన్ అనే కట్టుదిట్టమైన ప్రాంతం, సైన్యాధికారుల ప్రెజెంటేషన్లు, సైనికులతో భోజనం, మళ్లీ విమానం. మన దగ్గర మంత్రి వస్తున్నాడంటే ముందు రోజే హాస్టల్ గోడలకు సున్నం పడుతుంది, ఆ పూట పప్పు చిక్కగా ఉంటుంది చూడు, అక్కడ ఆ పని సైన్యం చేస్తుంది. 2007 ఏప్రిల్ 1న రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ బాగ్దాద్ షోర్జా మార్కెట్‌లో నడిచిందే తీసుకో. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, చుట్టూ వంద మందికి పైగా సైనికులు, పైన బ్లాక్ హాక్, అపాచీ హెలికాప్టర్లు. ఆయనతో వెళ్లిన మైక్ పెన్స్, అవును, తర్వాత ఉపాధ్యక్షుడైన పెన్సే, ఇది ఇండియానాలో ఎండాకాలపు సంతలా ఉందన్నాడు. ఏడు వారాల ముందు అదే మార్కెట్లో బాంబులు పేలి పదుల మంది చనిపోయారు. ఆ దుకాణాల వాళ్లు మర్నాడు విలేకరులతో చెప్పిందేంటంటే, ట్రాఫిక్ ఆపేశారు, మేడల మీద స్నైపర్లను పెట్టారు, అలాంటప్పుడు ఎవరికేమవుతుందని. అది వింటే నాకిప్పటికీ కోపం వస్తుంది. అక్కడ రోజూ కొట్టు తెరిచేవాడికి హెలికాప్టర్ ఎవరు పెడతారు?

హోస్ట్: కానీ 2008కి హింస తగ్గింది కదా? అదనపు సైన్యాన్ని పంపాలన్న మెకెయిన్ మాట నిలబడిందని ఆయన వైపు వాళ్లంటారు.

అతిథి: తగ్గింది, బాగా తగ్గింది. వద్దన్న మర్తా దాన్ని ఊహించలేదు. అయితే సున్నీ తెగలు అల్ ఖైదా మీద తిరగబడటం కూడా అందుకు కారణం. అప్పటికే షియా, సున్నీలు కలిసున్న వాడలు ఖాళీ అయిపోయి, మధ్యలో కాంక్రీటు గోడలు లేచాయి. తరిమేయడానికి పక్కింటివాడే లేకపోతే గొడవ తగ్గదా? చావులు తగ్గాయన్న అంకె ఒక్కటే చూస్తే ఇదంతా కనపడదు.

హోస్ట్: నిధుల సంగతి ఎవరైనా నికరంగా తేల్చారా?

అతిథి: తేల్చారు, ఈ విషయంలో అమెరికా కాంగ్రెస్‌ను మెచ్చుకోవాలి. ఇరాక్ పునర్నిర్మాణం మీద ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు పెట్టింది. దాని అధిపతి స్టువర్ట్ బోవెన్ అప్పటి అధ్యక్షుడు బుష్‌కు దగ్గరివాడే, అయినా మొహమాటపడలేదు. 2013 చివరి నివేదికలో, ఖర్చయిన దాదాపు 6,000 కోట్ల డాలర్లలో కనీసం 800 కోట్లు వృథా అయ్యాయని రాశాడు. ఫలూజా మురుగునీటి ప్లాంట్ గురించి చదువు. 3 కోట్ల 25 లక్షల డాలర్లని మొదలుపెట్టి 10 కోట్లు దాటించారు, ఊళ్లో కొంత భాగానికే అందింది. వాళ్లు చూసింది ఎంత మంజూరైందని కాదు, ఏ ఇంటికి పైపు చేరిందని. ఆక్రమణలో ఉన్న దేశానికి వెళ్లే ఏ ప్రతినిధి అయినా అడగాల్సింది అదే.

హోస్ట్: మర్తాకు ఆ రోజుల్లో ఏమైంది?

అతిథి: వెనక్కి రప్పించండి అన్న మర్నాడే సభలో ఒక సభ్యురాలు, పిరికివాళ్లే పారిపోతారు, మెరైన్లు పారిపోరు అని ఎవరో అన్నట్టుగా చదివి వినిపించింది. వారం వారం ఆస్పత్రికి వెళ్లి కాళ్లూ చేతులూ పోయిన కుర్రాళ్లను పలకరించే మనిషిని పట్టుకుని! ఆ రాత్రే వెంటనే వెనక్కి రావాలనే తీర్మానాన్ని అధికారపక్షమైన రిపబ్లికన్లే, మర్తా చెప్పిన పద్ధతిలో కాకుండా తన మాటల్లో పెట్టి, 403-3తో ఓడించారు.

హోస్ట్: సైన్యం 2011 డిసెంబర్‌లో వెళ్లిపోయింది. మరి ఆ నీళ్లు, కరెంటు?

అతిథి: 2018 ఎండాకాలంలో దక్షిణ ఇరాక్‌లోని బస్రాలో కలుషిత నీళ్లు తాగి లక్ష మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. అంతా అమెరికా మీదే తోసేయను. ఎగువ నుంచి నీళ్లు తగ్గాయి, నదిలోకి ఉప్పునీరు ఎక్కింది, ఇరాక్ ప్రభుత్వాల అవినీతి సరేసరి. కానీ చమురు మీద తేలే ఊరది. జనం రోడ్డెక్కారు, సెప్టెంబర్‌లో ప్రభుత్వ భవనాలకు నిప్పు పెట్టారు, కాల్పుల్లో కుర్రాళ్లు చనిపోయారు. వాళ్లు అడిగింది తాగే నీళ్లు, కరెంటు, ఉద్యోగం.